పెద్దపేగు జబ్బు ఉన్నోళ్ళు లివర్ కూడా చూపించుకోవాలా? మా ఆయనకి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 412

అల్లూరు కోడలు · మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చానా నాళ్ళుగా చదవడమే గానీ రాసింది లేదు. మా ఆయనకి 36 ఏళ్ళు. అల్సరేటివ్ కోలైటిస్ బయటపడి 6 ఏళ్ళు అయింది. మొదట ఏడాది పాటు మొలలు అనుకుని పూతలు, లేహ్యాలు వాడాం. ఆఖరికి కొలనోస్కోపీ చేస్తే పెద్దపేగు మొత్తం పుండేనన్నారు. అప్పట్నించి మెసలమైన్ మాత్రలే. ఇప్పుడు విరేచనాలు లేవు, రక్తం లేదు. పొద్దునా సాయంత్రం రొయ్యల గుంటల కాడికి పోయొస్తా ఉన్నాడు.

సంగతేందంటే, నాలుగు నెలల్నించి రాత్రయితే అరికాళ్ళు, అరచేతులు ఒకటే దురద. పొక్కు లేదు, దద్దురు లేదు. నులక మంచం మీద పడుకుని కాళ్ళు ఆ తాడుకేసి రుద్దుతా ఉంటాడు. ఆ గరగర చప్పుడుకి నాకు మెలకువొస్తది. గుంటల్లో చల్లే బ్లీచింగు, సున్నం పడలేదనుకున్నాం. చర్మం డాక్టరు కూడా అదే అని పూత మందు రాశాడు.

మొన్న షుగర్ చూపిద్దామని రక్తం ఇస్తే వాళ్ళే లివర్ పరీక్ష కూడా చేశారు. బిలిరుబిన్ 0.9, ఎస్‌జీపీటీ 61, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 412. కడుపు స్కానులో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అన్నారు. డాక్టరు చూసి "కామెర్లు లేవమ్మా, నూనె తగ్గించండి" అని టానిక్ రాసి పంపాడు. ఇంటికొచ్చి పాత ఫైలు తిరగేశా. ఆ ఆల్కలైన్ ఏదో రెండేళ్ళ కింద 238, నిరుడు 305. ఎవరూ ఏమనలేదు. నేనూ చూళ్ళేదు. పేగుకీ లివర్‌కీ ఏమన్నా సంబంధం ఉంటదా?

బకింగ్‌హాం కాలువ · మంగళవారం రాత్రి 10:05

అమ్మా, ఈ రోజుల్లో ఫ్యాటీ లివర్ లేనోడు ఎవడు చెప్పండి. స్కాన్‌కి పోయిన ప్రతివాడికీ గ్రేడ్ 1 రాసి ఇస్తారు. నాకూ ఉంది. నెట్‌లో వెతికి బెదిరిపోబాకండి. రాత్రిపూట అన్నం తగ్గించి పొద్దున్నే నడవమనండి.

ల్యాబ్ పాతకాపు · మంగళవారం రాత్రి 10:31

కాలువన్నా, మీ ఫ్యాటీ లివర్‌లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంతుందో ఒకసారి చూసి చెప్పు. ఎక్కువమందికి అది మామూలుగానే ఉంటది, లివర్ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ కాస్త లేస్తది. ఈ అమ్మాయి చెప్పింది తిరగబడిన లెక్క. ఎస్‌జీపీటీ రవ్వంత, ఆల్కలైన్ మూడింతలు దాటింది.

నెల్లూరులో 30 ఏళ్ళు ల్యాబ్‌లో చేసి రిటైరయ్యా. అనుభవంతో చెబుతున్నా, మనోళ్ళు రిపోర్టు చేతిలో పడగానే కామెర్లు చూపే బిలిరుబిన్ చూస్తారు, తర్వాత ఎస్‌జీపీటీ. "కామెర్లు లేవు" అనే మాట వినబడ్డాక కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కింద ఏడో వరసలోనో ఎనిమిదో వరసలోనో ఉంటది. పక్కన నల్లగా దిట్టంగా అచ్చేసి బాణం గుర్తు పెట్టినా దాని మొహం చూసేవాళ్ళు తక్కువ. ఇంకో సంగతి, కొన్ని చోట్ల తక్కువ డబ్బులకు చేసే లివర్ పరీక్షలో అసలు ఆ వరసే ఉండదు. బిలిరుబిన్, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, అయిపాయె. అడిగి రాయించుకోవాలి.

అమ్మాయ్, మూడు రిపోర్టులూ ఒకే ల్యాబ్‌వేనా? నార్మల్ ఎంత అని పక్కన ఉందో చూడు. ల్యాబ్‌ని బట్టి మారతది.

అల్లూరు కోడలు · మంగళవారం రాత్రి 10:48

రెండు ఒక ల్యాబ్, ఇది వేరే ల్యాబ్ అన్నా. మూడింట్లోనూ పై హద్దు 120, 130 ఆ దగ్గరే ఉంది.

గ్యాస్ట్రో పీజీ · బుధవారం తెల్లవారుజామున 1:15

డ్యూటీ అయ్యాక చూశాను. మాది కావలి పక్క ఊరు, ప్రస్తుతం బయటి రాష్ట్రంలో గ్యాస్ట్రో చదువుతున్నాను. రిపోర్టు చూసి ఇక్కడ మందు చెప్పను, ఏం అడగాలో చెబుతాను.

అక్కా, మీ ప్రశ్నకు జవాబు: సంబంధం ఉంటుంది. అల్సరేటివ్ కోలైటిస్ ఉన్నవాళ్ళలో కొద్దిమందికి ప్రైమరీ స్క్లీరోజింగ్ కోలాంజైటిస్ అనే పిత్తనాళాల జబ్బు వస్తుంది. పీఎస్‌సీ అంటాం. పాశ్చాత్య దేశాల లెక్కల్లో నూటికి ఇద్దరి నుంచి ఎనిమిది మంది దాకా చెబుతారు. మన దేశంలో అంతకన్నా తక్కువే కనిపిస్తుంది. తిప్పి చూస్తే లెక్క ఇంకోలా ఉంటుంది: అక్కడ పీఎస్‌సీ ఉన్నవాళ్ళలో 70 శాతం మందికి దాకా పేగు జబ్బు ఉంటుంది, అందులో ఎక్కువ అల్సరేటివ్ కోలైటిసే. ఆడవాళ్ళకన్నా మగవాళ్ళకు ఎక్కువ. 30, 40 ఏళ్ళ వయసులో ఎక్కువగా బయటపడుతుంది.

లివర్‌లో తయారైన పసరు, అంటే పిత్తం, పేగులోకి దిగే గొట్టాలు చెట్టుకొమ్మల్లా ఉంటాయి. మన పొలాల్లో పెద్ద కాలువ నుంచి బోదెలు చీలినట్టు. ఈ జబ్బులో ఆ గొట్టాల గోడలు వాచి, మచ్చగట్టి అక్కడక్కడా ఇరుకైపోతాయి. బోదెలో మట్టి పూడితే నీళ్ళు వెనక్కి తన్నినట్టు పసరు వెనక నిలుస్తుంది. మొదట పెరిగేది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. కళ్ళు పచ్చబడటం చాలా ఆలస్యంగా జరిగే పని. అందుకే "కామెర్లు లేవు" అన్నది ఇక్కడ ధైర్యం చెప్పే మాట కాదు. పొక్కు లేకుండా అరచేతులు, అరికాళ్ళు రాత్రిపూట దురద పెట్టడం పసరు నిలిచినప్పుడు వచ్చే దురదకు సరిపోతుంది.

ఇంకో మోసం ఉంది. పీఎస్‌సీతో వచ్చే కోలైటిస్ తరచూ పెద్దపేగు మొత్తం ఉన్నా నెమ్మదిగా ఉంటుంది. విరేచనాలు లేవు, మనిషి బాగున్నాడు అనిపిస్తుంది. పేగు నెమ్మదించింది కాబట్టి లివర్ కూడా నెమ్మదిగా ఉంది అనుకోకూడదు. రెండూ వేటి దారిన అవి నడుస్తాయి. పెద్దపేగు మొత్తం తీసేసినా లివర్ జబ్బు దారి మారదు.

డాక్టరును అడగాల్సింది: మళ్ళీ ఒకసారి లివర్ పరీక్ష, దాంతో జీజీటీ అనే ఇంకో రక్తపరీక్ష, ఆ ఆల్కలైన్ లివర్‌దేనా అని తేల్చడానికి. అదీ పెరిగుంటే పిత్తనాళాల బొమ్మ తీసే ఎంఆర్‌సీపీ స్కాన్. మామూలు కడుపు స్కానులో రాళ్ళు, బాగా ఉబ్బిన నాళాలు తెలుస్తాయి గానీ ఈ సన్నటి ఇరుకులు దొరకవు. కాబట్టి స్కాన్ బాగుందంటే సరిపోదు.

ఒంగోలు గిత్త · బుధవారం ఉదయం 6:50

అల్లూరు చెల్లీ, నాకు ఇదే జబ్బు. 9 ఏళ్ళయింది తెలిసి. ఇంకా బండి లాగుతున్నా, భయపడొద్దు.

నాకు ఎట్టా బయటపడిందో చెబుతా. రెండుసార్లు వణుకుతో చలిజ్వరం వచ్చింది. మన దగ్గర చలిజ్వరం అంటే మలేరియా, లేకపోతే టైఫాయిడ్. రెంటికీ మందులిచ్చారు, రెండుసార్లూ తగ్గింది. మూడోసారి కుడిపక్క డొక్క కింద నొప్పి, మూత్రం తేయాకు రంగు. అప్పుడు పెద్దాసుపత్రిలో అడ్మిట్ చేస్తే పిత్తనాళాల్లో ఇన్ఫెక్షన్ అన్నారు. కోలైటిస్ ఉందని నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. జ్వరానికి వచ్చినోణ్ణి పేగుల గురించి ఎందుకు చెబుతా? అదే నేను చేసిన తప్పు.

ఎంఆర్‌సీపీ గురించి చెబుతా, చానామంది పేరు వినే బెదురుతారు. అది ఎంఆర్ఐ మిషనే. నోట్లో గొట్టం పెట్టరు, సూది కూడా నాకు గుచ్చలేదు. పొద్దున పరగడుపున రమ్మన్నారు. పోగానే ఒక పెద్ద గ్లాసు పైనాపిల్ రసం చేతికిచ్చారు! పరగడుపున రమ్మని జ్యూస్ ఏందయ్యా అంటే, కడుపులో నీళ్ళు స్కానులో తెల్లగా వెలిగిపోయి పిత్తనాళాలకు అడ్డం పడతాయంట, ఆ రసంలో ఉండే మాంగనీసు ఆ వెలుగును ఆర్పేస్తదంట. ఆ తర్వాత సొరంగంలో అరగంట. "ఊపిరి బిగపట్టు, వదులు" అని చెవిలో చెబుతా ఉంటారు, చుట్టూ గ్రానైట్ మిల్లులో పడుకున్నట్టు చప్పుడు. నాకు 7 వేలయింది అప్పట్లో.

స్కాన్ బొమ్మ చూస్తే నాకే అర్థమైంది. నాళాలు సాఫీగా ఉండాల్సింది పూసలదండలా ఉన్నాయి. ఇరుకు, ఉబ్బు, ఇరుకు, ఉబ్బు.

బకింగ్‌హాం కాలువ · బుధవారం ఉదయం 8:12

సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇప్పుడే బీరువాలోంచి తీసి చూశా, నాది 84. కానీ ఒక సందేహం డాక్టరు గారూ. ఈ చర్చ చదివి కోలైటిస్ ఉన్న ప్రతివాడూ పోయి ఎంఆర్ఐ మిషన్లో పడుకోవాలా? స్కాన్ సెంటర్ల వాళ్ళకి పండగే.

కనిగిరి మాస్టారు · బుధవారం ఉదయం 9:30

నమస్తే. నాకు 58. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న బడిపంతుల్ని. అల్సరేటివ్ కోలైటిస్ 11 ఏళ్ళుగా ఉంది, ఎడమ పక్క మాత్రమే. రాత్రి ఈ చర్చ చదివి నిద్రపట్టక నా రిపోర్టులు తీశాను. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 286! మిగతావన్నీ నార్మల్. దురద లేదు. మోకాళ్ళు, నడుం మాత్రం పట్టేసి ఉంటాయి, వంగి చెప్పులు వేసుకోలేను. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

లాయర్‌పేట అమ్మ · బుధవారం ఉదయం 10:02

అయ్యో నేనూ అదే అడగబోతున్నా. మా బాబుకి 13 ఏళ్ళు, నిరుడే కోలైటిస్ అని తేలింది. వాడికి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 340 ఉంది. ఇప్పుడే చూశా. చేతులు వణుకుతున్నాయి. ప్లీజ్ ఎవరైనా చెప్పండి.

ల్యాబ్ పాతకాపు · బుధవారం ఉదయం 10:20

తల్లీ, ముందు మంచినీళ్ళు తాగు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ లివర్ సొత్తు మాత్రమే కాదు. ఎముకల్లోనూ తయారవుతది. ఎదిగే పిల్లలకి ఎముకలు సాగే వయసులో పెద్దోళ్ళ లెక్కకి రెండు మూడింతలు ఉండటం మామూలే. మీ వాడు ఈ మధ్య పొడుగయ్యాడా? రిపోర్టులో పక్కన ఉన్న నార్మల్ పెద్దోళ్ళది అయ్యుంటది, చూడు. వయసు బట్టి మార్చకుండా అచ్చేసే ల్యాబ్‌లు ఉన్నాయి.

కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి కూడా పెరుగుతది, మాయ నుంచి వస్తది. ఇంకో తమాషా: ఓ, బీ బ్లడ్ గ్రూపుల వాళ్ళకి బాగా కొవ్వు కూర తిన్నాక కాస్త లేస్తది. అది పేగు నుంచి వచ్చేది. ఆదివారం మాంసం తిని సోమవారం పొద్దున పరగడుపున రాకుండా టిఫిన్ చేసొచ్చే వాళ్ళతో నేను పడ్డ పాట్లు రాస్తే పుస్తకమవుతది.

ఎముకదా లివర్‌దా తేల్చేది జీజీటీ. అది ఎముకల్లో ఉండదు. ఆల్కలైన్, జీజీటీ రెండూ లేస్తే లివర్ వైపు. ఆల్కలైన్ ఒక్కటే లేచి జీజీటీ కుదురుగా ఉంటే ఎముక వైపు. మద్యం తాగే అలవాటున్నా, ఫిట్స్ మాత్రలు కొన్ని వాడినా జీజీటీ పెరుగుతదని గుర్తుంచుకోండి.

లాయర్‌పేట అమ్మ · బుధవారం ఉదయం 10:26

ఈ ఏడాది రెండుసార్లు యూనిఫాం ప్యాంట్లు మార్చామండీ. 🙏

గ్యాస్ట్రో పీజీ · బుధవారం మధ్యాహ్నం 2:40

పాతకాపు గారు నా పని సగం చేశారు.

లాయర్‌పేట అక్కా, బాబుకు జీజీటీ చూపించండి, పిల్లల గ్యాస్ట్రో డాక్టరుకు చెప్పే చేయించండి. ఎదిగే ఎముకల వల్లే కావచ్చు. ఐతే వదిలేయొద్దు. పిల్లల్లో ఈ పిత్తనాళాల జబ్బు, ఆటోఇమ్యూన్ హెపటైటిస్ రెండూ కలిసి రావడం పెద్దవాళ్ళకన్నా ఎక్కువ. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అంటే మన రోగనిరోధక శక్తే లివర్ కణాల మీద పడటం. అందులో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ ఎక్కువ లేస్తాయి, రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీ పెరుగుతుంది. అది స్టెరాయిడ్‌కు, రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్‌కు లొంగే జబ్బు కాబట్టి పట్టుకోవడం ముఖ్యం. బాబుకు ఎస్‌జీపీటీ ఎంత?

మాస్టారూ, మీది ఏ ఊరు అని అడగక్కర్లేదు, పేరులోనే ఉంది. చిన్నప్పటి నుంచి బోరు నీళ్ళే తాగారా?

కాలువ గారూ, మంచి ప్రశ్న. లేదు. లివర్ పరీక్ష బాగున్న ప్రతి కోలైటిస్ పేషెంటుకూ ఎంఆర్‌సీపీ చేయమని ఎవరూ చెప్పరు. చెప్పేది ఇంతే: పేగు జబ్బు తేలిన రోజున ఒకసారి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఉన్న పూర్తి లివర్ పరీక్ష. తేడా వస్తే మళ్ళీ చేసి, నిలబడితే ఎంఆర్‌సీపీ. ఎదురువాదం కూడా ఉంది, దాచను. 2016లో వచ్చిన ఒక నార్వే అధ్యయనంలో 20 ఏళ్ళుగా పేగు జబ్బుతో ఉన్నవాళ్ళకు లక్షణాలతో నిమిత్తం లేకుండా ఎంఆర్‌సీపీ చేసి చూస్తే, లక్షణాల వల్ల బయటపడిన వాళ్ళకన్నా సుమారు 3 రెట్ల మందిలో పీఎస్‌సీ మార్పులు కనబడ్డాయి. కొందరికి రక్తపరీక్ష కూడా బాగానే ఉంది. అలా ముందే తెలుసుకుంటే ఏం ఒరుగుతుందన్నదే అసలు తగవు. లివర్ జబ్బును ఆపే మందు ఇంకా లేదు. నా మటుకు నాకు రక్తపరీక్ష దగ్గర ఆగడమే సబబు అనిపిస్తుంది, ముఖ్యంగా మన జేబులకు.

చీమకుర్తి రాయి · బుధవారం సాయంత్రం 5:15

ఇంత గొడవెందుకు. లివర్‌కి ఇంగ్లీషు మందు లేదని డాక్టరే ఒప్పుకున్నాడు. మా ఊరి పక్కన తెల్లారగట్ట పరగడుపున ఆకు పసరు పోస్తారు, మూడు ఆదివారాలు. కామెర్లు దిగిపోయినోళ్ళని నేనే చూశా.

ఒంగోలు గిత్త · బుధవారం సాయంత్రం 6:40

రాయి బావా, నేను కూడా పోసుకున్నా. మూడు కాదు, అయిదు ఆదివారాలు. ఉప్పు లేని అన్నం తిన్నా. నువ్వు చూసిన కామెర్లు ఎక్కువమందికి హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌ల వల్ల వచ్చేవి, నీళ్ళు బాగోక. అవి పసరు పోసినా పోయకపోయినా నెలలో వాటంతటవే దిగుతాయి. పేరు పసరుకి పోతది. నాది దిగలేదు. ఆ పసరు తర్వాత నా ఎస్‌జీపీటీ 400 దాటింది, చేసుకున్నోడికి చేసుకున్నంత.

చీమకుర్తి రాయి · బుధవారం సాయంత్రం 6:52

సర్లే గిత్తా, నీకు తెలిసినంత నాకు తెలీదు. మొన్న రొట్టెల పండగలో ఆరోగ్యం రొట్టె పట్టుకున్నా, అందులో నీక్కూడా సగం ఇచ్చినట్టే అనుకో.

ఒంగోలు గిత్త · బుధవారం సాయంత్రం 6:55

అది తీసుకుంటా. 😄

ఆత్మకూరు ఆవకాయ · బుధవారం రాత్రి 9:00

నాకు కోలైటిస్‌కి అజాథయోప్రిన్ వేస్తున్నారు. రెండు నెలల్లో ఎస్‌జీపీటీ 110 అయింది. ఇది కూడా ఈ జబ్బేనా?

గ్యాస్ట్రో పీజీ · బుధవారం రాత్రి 11:20

ఆవకాయ గారూ, మందు మొదలుపెట్టాక పెరిగింది కాబట్టి మొదటి అనుమానం మందు మీదే. మీ డాక్టరుకు రేపే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. మోతాదు తగ్గించడమో మార్చడమో ఆయన చూస్తారు. తెల్లరక్త కణాల లెక్క కూడా చూపించుకోండి. మనవాళ్ళలో ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉన్నవాళ్ళకు ఈ మందుతో తెల్లకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బీ పరీక్ష చేశారా? చేయకపోతే ఇప్పుడన్నా అడగండి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులతో నిద్రపోతున్న హెపటైటిస్ బీ లేచి కూర్చుంటుంది.

పెళ్ళకూరు చినబ్బి · గురువారం ఉదయం 7:30

మా అక్క కూతురు ఢిల్లీ కోడలు. ఆ పిల్లకి గోధుమ పడని జబ్బు, సీలియాక్ అంట. దానిక్కూడా ఎస్‌జీపీటీ లేచింది. అదీ ఇదీ ఒకటేనా?

గ్యాస్ట్రో పీజీ · గురువారం ఉదయం 8:05

చుట్టాలు. సీలియాక్ తేలే నాటికి చాలామందిలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కాస్త పెరిగి ఉంటాయి. గోధుమ, బార్లీ పూర్తిగా మానేస్తే ఆర్నెల్ల నుంచి ఏడాదిలో దిగుతాయి. దిగకపోతే అప్పుడు ఆటోఇమ్యూన్ హెపటైటిస్, ఆడవాళ్ళైతే పీబీసీ అనే ఇంకో పిత్తనాళాల జబ్బు కోసం వెతకాలి. పీబీసీకి ఏఎంఏ అనే రక్తపరీక్ష ఉంది. ఆ పిల్లకి ఇడ్లీ, దోసె, అన్నం పంపించండి. 2016లో వచ్చిన ఒక భారతీయ సర్వేలో సీలియాక్ ఉత్తరాదిలో నూటికి ఒకరికి పైగా, దక్షిణాదిలో వెయ్యికి ఒకరు. మన వరన్నం పుణ్యం కొంత.

కనిగిరి మాస్టారు · గురువారం ఉదయం 9:10

డాక్టరు బాబూ, అవును, 40 ఏళ్ళు బోరు నీళ్ళే. మా బడి పిల్లల పళ్ళ మీద పసుపు గీతలు చూస్తూ పాఠం చెప్పిన వాణ్ణి. నా పళ్ళూ అంతే. ఎందుకడిగారు?

గ్యాస్ట్రో పీజీ · గురువారం మధ్యాహ్నం 1:50

మీ బోరు నీళ్ళలో ఉండే ఫ్లోరైడ్ ఎముకలకు పడితే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరుగుతుంది మాస్టారూ. నడుం, మోకాళ్ళు పట్టేయడం కూడా దానికే సరిపోతుంది. విటమిన్ డి తక్కువైనా పెరుగుతుంది. అలాగని మా మాట మీద ఇది ఫ్లోరైడేనని లివర్‌ని వదిలేయొద్దు. మన వైపు ఇదే జరుగుతుంది, ఫ్లోరైడ్ ఊరు కదా అని అన్నీ దాని ఖాతాలో రాసేస్తారు. జీజీటీ, విటమిన్ డి, నడుం ఎక్స్‌రే. తర్వాత రాయండి.

అల్లూరు కోడలు · తర్వాతి వారం, శనివారం రాత్రి 8:20

ఆలస్యమైంది, ఏమనుకోవద్దు. రొయ్యలు పట్టుబడికొచ్చి ఆయన కదల్లేదు. సోమవారం జీజీటీ చేయిస్తే 388. ఆల్కలైన్ 420. నేను మీ చర్చంతా ఫోనులో చూపించా. చూసి, "పైనాపిల్ రసం అంటే పోదాం పద" అన్నాడు.

నెల్లూరులోనే ఎంఆర్‌సీపీ చేయించాం. మాకు రసం ఇవ్వలేదు గానీ మిగతాదంతా గిత్తన్న చెప్పినట్టే. రిపోర్టులో లివర్ లోపలి పిత్తనాళాల్లో చాలాచోట్ల ఇరుకులు, మధ్యలో వెడల్పులు, పీఎస్‌సీకి అనుకూలం అని రాశారు. బయటి పెద్ద నాళం బాగానే ఉందంట. నిన్న పినాకిని రైల్లో మద్రాసు పోయి పెద్ద డాక్టరుకి చూపించాం. ఐజీజీ4 అనే పరీక్ష చేశారు, అది నార్మల్. అది బాగా పెరిగుంటే వేరే జబ్బు కావచ్చు, స్టెరాయిడ్‌కి తగ్గేదన్నారు. ముక్క తీసే పరీక్ష అక్కర్లేదన్నారు.

ఆయన అడిగిన మొదటి మాట "చేపల పులుసు తినొచ్చా" అని. డాక్టరు నవ్వి, చేపలకేం దోషం లేదు, మద్యం మాత్రం ముట్టొద్దన్నాడు. నాకు భయమేసింది మాత్రం కొలనోస్కోపీ మాటకి. పేగు బాగున్నా ఇకనుంచి ఏడాదికోసారి చేయించాలంట. నిజమేనా? ఆరేళ్ళలో రెండుసార్లు చేయించుకునేటప్పటికే ఆ విరేచనాల మందు తాగలేక చచ్చాడు.

గ్యాస్ట్రో పీజీ · శనివారం రాత్రి 11:45

నిజమే అక్కా. ముందే తెలుసుకుని ఏం ఒరుగుతుందని నేనే అన్నాను కదా, ఒరిగేది ముఖ్యంగా ఇక్కడే. మామూలు కోలైటిస్‌లో క్యాన్సర్ కోసం కొలనోస్కోపీ జబ్బు మొదలై 8 ఏళ్ళయ్యాక ఆరంభిస్తాం. పీఎస్‌సీ తోడైతే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ, అందుకే తెలిసిన రోజు నుంచే, ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ముక్కలు తీసి చూస్తాం. పిత్తాశయంలో బొడిపెలు, పిత్తనాళంలో క్యాన్సర్ కోసం ఏడాదికోసారి స్కాన్. నాకు భయపెట్టాలని లేదు, చాలామందికి ఈ జబ్బు ఏళ్ళ తరబడి నెమ్మదిగా నడుస్తుంది. బాగా ముదిరితే లివర్ మార్పిడి ఉంది, ఆంధ్రలో అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేస్తారు. ఆ మాట ఇప్పుడు మీకు అక్కర్లేదు.

ఉర్సోడియాల్ మాత్రలు రాశారా? రాస్తే డాక్టరు చెప్పిన మోతాదే. అది వేసుకుంటే ఆల్కలైన్ అంకె దిగుతుంది, జబ్బు ఆగుతుందని రుజువు లేదు. మంచిదే కదా అని ఎక్కువ వేసుకోకూడదు. కిలో బరువుకు 28 నుంచి 30 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన ప్రయోగంలో మేలు బదులు కీడు జరిగిందని 2009లో తేలింది.

వణుకుతో జ్వరం వస్తే మాత్రం ఊళ్ళో సూది వేయించుకుని ఆగొద్దు. అదే రోజు ఆసుపత్రి. చీటీ మీద "పీఎస్‌సీ ఉంది" అని రాసి ఆయన పర్సులో పెట్టండి.

లాయర్‌పేట అమ్మ · ఆదివారం ఉదయం 9:05

బాబుకి జీజీటీ 16, ఎస్‌జీపీటీ 22, ఐజీజీ నార్మల్. పిల్లల డాక్టరు ఎముకల ఎదుగుదలే అన్నారు. ఆర్నెల్లకోసారి చూద్దామన్నారు. పాతకాపు గారూ, మీ నోట్లో చక్కెర పొయ్య.

కనిగిరి మాస్టారు · ఆదివారం ఉదయం 10:30

నాది కూడా వచ్చింది. జీజీటీ 24. విటమిన్ డి 11. ఎక్స్‌రేలో వెన్నుపూసలు దట్టంగా, తెల్లగా ఉన్నాయి, ఫ్లోరోసిస్ అని రాశారు. లివర్ కాదని మా ఆవిడ సంతోషించింది. నేను సంతోషించాలో ఏడవాలో తెలీలేదు. ఇప్పుడు క్యాన్ నీళ్ళు కొంటున్నాం.

ల్యాబ్ పాతకాపు · ఆదివారం ఉదయం 10:44

మూడు ఆల్కలైన్‌లు, మూడు దారులు. మాస్టారూ, ఆ జీజీటీ కాగితం పోగొట్టబాకండి. వచ్చే ఏడాది ఇంకో కుర్ర డాక్టరు ఆ 286 చూసి మళ్ళీ మొదట్నించి మొదలెడతాడు. అల్లూరు అమ్మాయ్, దురదకి ఏమిచ్చారు?

అల్లూరు కోడలు · ఆదివారం రాత్రి 9:15

కొలెస్టిరమిన్ అని పొడి ప్యాకెట్లు అన్నా. మిగతా మాత్రలకి నాలుగు గంటలు ముందో, మాత్రలేసుకున్న గంట తర్వాతో తాగమన్నారు. వారం రోజులు చూడమన్నారు. నోట్లో పెట్టుకోగానే మొహం అదోలా పెడతా ఉన్నాడు. నీళ్ళలో కాకుండా వేరే దేంట్లోనన్నా కలపొచ్చా?

ఒంగోలు గిత్త · ఆదివారం రాత్రి 9:22

పెన్నా ఇసక తాగినట్టుంటది, నాకు తెలుసు. కమలారసంలో కలిపి పది నిమిషాలు నాననియ్యి చెల్లీ, గరగర తగ్గి మింగుడుపడతది. గ్లాసు అడుగున మిగిలిందాంట్లో ఇంకాస్త రసం పోసి అదీ తాగించు, మందంతా అక్కడే పేరుకుంటది.